బోర్లించిన గిన్నె

నెల్లిమర్ల,
సెప్టెంబరు 14, 2025

ఈశ్వరి వదినకు,

నీ ఆడపడుచు అనూరాధ రాస్తున్నది. నేను క్షేమమే. అంటే స్కూలువాళ్లు ఇంకా తరమలేదు, ఇంటావిడ ఇంకా గది ఖాళీ చెయ్యమనలేదు. పోస్టాఫీసులో కవర్లు కొంటుంటే అక్కడి మనిషి, "ఎవరికండీ, కోర్టుకా?" అన్నాడు. మా వదినకి అంటే నమ్మలేదు. ఈ రోజుల్లో వదినకి ఉత్తరం రాసే పిచ్చిది నేనొక్కదాన్నే అనుకుని ఉంటాడు.

నువ్వు ఫోను కట్టేసి బియ్యం డబ్బాలో పెట్టావని అతనికేం తెలుసు? మీ నాన్న సముద్రంలో పోయిన కబురు నీకు ఫోనులోనే వచ్చింది. అది మోగితే నీ చేతులు చల్లబడిపోవడం నేను కళ్లారా చూశాను, కాబట్టి నవ్వను. కానీ అన్నయ్య గుజరాత్ నుంచి నీతో ఎలా మాట్లాడతాడు? ఇంకా పక్కింటి గంగులు మావ ఫోనేనా?

అసలు సంగతికి వస్తాను. మొన్న క్లాసులో పిల్లల్ని మీ ఇంట్లో వస్తువొకటి గీయమన్నాను. అందరూ టీవీ, ఫ్రిజ్జు, మిక్సీ గీశారు. వెనక బెంచీ పిల్ల ఒకతె తలుపు వెనక నిలబెట్టిన చీపురు గీసింది. దాని పిడి దగ్గర చెయ్యి పట్టిన మరక కూడా వేసింది. ఇంటికొచ్చాక మన వంటిల్లే కళ్లముందు తిరిగింది.

నవంబరులో విజయనగరంలో కొందరం కలిసి బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం. ఇంటి సామాన్లతోనే చెయ్యాలని నిర్ణయించుకున్నాను. నీ దగ్గర అరిగిన చేట, చేపల గంప, కత్తిపీట, పాత గిన్నె ఏదైనా ఉంటే పంపించు. కొత్తవి వద్దు, చెయ్యి ఆడినవి కావాలి.

నీ
అనూ

*

గుల్లపేట, కోటబొమ్మాళి మీదుగా
సెప్టెంబరు 24

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మాట్లాడినట్టు రాస్తే నువ్వు టీచరువి తప్పులు దిద్దుతావని పుస్తకాల భాషలో రాస్తున్నాను. పదో తరగతి పాసైనదాన్ని, మరిచిపోకు.

కత్తిపీట పంపను. పంపితే చేప దేనితో కొయ్యను, నీ బొమ్మతోనా? చేట, గంప పంపుతున్నాను. చేట అంచు ఎలక కొరికింది, అది కూడా కళే అంటావేమో. వీటితోపాటు మీ అన్న చోడి అంబలి తాగే సత్తు గిన్నె పంపుతున్నాను. ఇది నేను కోడలిగా రాకముందుది, మీ అమ్మ కూర్మమ్మ కొన్నది. పోయేముందు నా చేతికిచ్చి, "ఇది జాగర్తే పిల్లా" అంది. ఇక్కడ ఉంచాలంటే నాకు భయంగా ఉంది. పక్కింటి పిల్లలు వస్తారు, పిల్లి అటకెక్కుతుంది. నీ గదిలో నువ్వొక్కదానివే. దాన్ని ఎలా ఉంచాలో నీకు చెప్పనక్కర్లేదు. నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివి, నేను వచ్చి నేర్చుకున్నదాన్ని. చూసి బొమ్మ గీసుకుని జాగ్రత్త చెయ్యి.

మీ అన్న పోయిన శనివారం మళ్లీ బోటెక్కాడు. ఒడ్డున ఉన్నప్పుడు గంగులు మావ ఫోనుకి చేస్తాడు, మావ పరుగున వచ్చి పిలుస్తాడు. ఆయన పరుగెత్తుతుంటే చెడు కబురేమోనని భయం, నడిచి రమ్మని ఎన్నిసార్లు చెప్పినా వినడు. అక్కడ నీళ్లమీద ఒక గీత ఉంటుందట. అది ఎవరికీ కనబడదు. దాటితే అవతలి దేశంవాళ్లు పట్టుకుపోతారట. మీ అన్నని అడిగితే, "సేపకి తెల్దు, మాకు మాత్రం ఏటి తెలస్తాది?" అని నవ్వాడు. ఆయనకి నవ్వులాటే.

వేళకి తిను. మెడ ఎముకలు కనబడుతున్నాయని మీ అన్న కూడా అన్నాడు.

మీ వదిన,
ఈశ్వరి

*

నెల్లిమర్ల,
అక్టోబరు 6

వదినకు,

సామాన్లు అందాయి. గంప మూత విప్పగానే గదంతా ఎండుచేపల వాసన. ఇంటావిడ ముక్కు మూసుకుని, "ఏటమ్మా, కాపరం ఎడతావా, కొట్టు ఎడతావా?" అని అడిగింది. బొమ్మలు చేస్తానంటే ఇంకా అనుమానంగా చూసింది.

అన్నయ్య గిన్నె పట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది వదినా. అంచు మీద సొట్ట, లోపల గరిటె గీతలు. దీన్ని ఊరికే గీస్తే సరిపోదనిపించింది. మన ముసలమ్మలు కాగితం గుజ్జుతో బుట్టలు చేసేవాళ్లు గుర్తుందా? పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, గిన్నె మీద మెత్తి ఆరబెట్టేవాళ్లు. ఆ పనే చేశాను. పేపర్లు కూడా ఏవిపడితే అవి కాదు, సముద్రంలో వేటకి వెళ్లినవాళ్ల వార్తలున్నవి ఏరి మరీ నానబెట్టాను. గిన్నెని పీటమీద బోర్లించి, చుట్టూ గుజ్జు మెత్తాను. అంచు మీది సొట్ట పోకుండా వేలితో అద్దాను. ఆరాక గిన్నె తీసేస్తే కాగితం గిన్నె మిగులుతుంది. అందులో అంబలి పొయ్యలేం, చూడగలం అంతే.

అయితే ఈ ముసురు వదలడం లేదు. వారం నుంచి గది మూల అలాగే బోర్లా ఉంది, తడి ఆరలేదు. ఎవరో తల వంచుకుని కూర్చున్నట్టుంటుంది. ప్రదర్శన పెట్టే మాస్టారు వచ్చి, పీట చుట్టూ తిరిగి, వంగి సొట్ట దాకా చూశారు. గుమ్మం ఎదురుగా దీన్నే పెడదామన్నారు. నా బతుకులో ఎవరూ నా పనిని అలా చూడలేదు. నీకే మొదట చెబుతున్నాను.

అన్నయ్య ఒడ్డుకి వచ్చాడా? వస్తే నా మెడ సంగతి కాక వేరే ఏమైనా అడిగాడేమో రాయి.

నీ
అనూ

*

గుల్లపేట,
అక్టోబరు 13

అమ్మడూ,

ముందు లేచి గిన్నె తిప్పు. తిప్పి వచ్చి మిగతాది చదువు.

తిప్పావా? నీకు తెలియదని నేనెలా అనుకుంటాను? మగమనిషి నీళ్ల మీద ఉన్నంతకాలం ఆయన తినే గిన్నె బోర్లించకూడదు. కడిగినా వెల్లకిలానే ఆరాలి. లోపల గుప్పెడు బియ్యం వేసి ఉంచాలి. అది బోర్లాపడితే పడవ బోర్లాపడినట్టే. నాకు ఇవన్నీ నేర్పింది మీ అమ్మే. మా పుట్టింటి ఊరిలో ఈ పట్టింపు లేదు. అందుకే మా నాన్న పోయాడని అత్త అంటే ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

మీ అన్న బోటుతో కలిసి వెళ్లినవి అన్నీ ఒడ్డు చేరాయి. మీ అన్నది చేరలేదు. నీ ఉత్తరం కంటే ఒకరోజు ముందే ఈ కబురు వచ్చింది. గంగులు మావ పరుగెత్తలేదు, నడిచి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏటీ నేదే, ఇంజనేదో సెడిపోయుంటాది, వస్తాడు" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. వారం రోజులు బోర్లా ఉందని నువ్వే రాశావు. బోటు కనబడకుండా పోయింది కూడా ఆ రోజుల్లోనే.

పోయిన వేసవిలో, "బొమ్మలు ఏటికే, పెళ్లి సేసుకో" అన్నానని నువ్వు మూతి ముడుచుకున్నావు. ఆ కోపం ఉంటే నన్ను తిట్టు, కొట్టు. మీ అన్న మీద తీర్చుకుంటావా? ఇలా రాయకూడదని తెలుసు, రాయకుండా ఉండలేకపోతున్నాను. పేపర్లో పడేది వేటకి పోయి చనిపోయినవాళ్ల వార్తలే, అవి నానబెట్టి ఆయన గిన్నెకే పూశావు. అది చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

తిప్పానని ఒక్క మాట రాయి.

ఈశ్వరి

*

నెల్లిమర్ల,
అక్టోబరు 18

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నయ్య కబురు చదవగానే ఫోను తీశాను, మిగతాది చదివి ఏడ్చాను. అన్నయ్య నంబరు కలవడం లేదు. చేస్తూనే ఉన్నాను.

నేను ఆ ఇంట్లో పుట్టాను గానీ పెరగలేదు వదినా. ఆరో తరగతి నుంచి హాస్టలే. సెలవులకి వస్తే అమ్మ తలకి నూనె రాసేది, గారెలు వండేది, మళ్లీ బస్సెక్కించేది. గిన్నె ఎలా పెట్టాలో ఎవరు చెప్పారు నాకు? నువ్వు కోడలివై అన్నీ నేర్చుకున్నావు. నేను కూతురినై చుట్టంలా వచ్చి పోయాను. ఆ మాట ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు నువ్వు అనిపించావు.

పెళ్లి మాటకి నేను మూతి ముడుచుకున్నది నిజమే. దానికి అన్నయ్య చావు కోరుకుంటానా? నా గురించి అలా ఎలా అనుకోగలిగావు?

ఇంజను చెడిపోతే నా గిన్నె ఏం చేస్తుంది? నువ్వు పదో తరగతి పాసైనదానివే కదా, కాస్త ఆలోచించు. గుజ్జు పైపొర ఆరింది, లోపల ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు తీస్తే ముక్కలైపోతుంది. నాలుగు రోజులు ఆగితే గిన్నె కడిగి, నువ్వు చెప్పినట్టే బియ్యం పోసి పెడతాను. ప్రదర్శనకి మిగిలింది కూడా ఎన్నో రోజులు కాదు.

అన్నయ్య వస్తాడు. వస్తే ఈ ఉత్తరాలు చూపించి మనిద్దరినీ తిట్టిస్తాను.

అనూ

*

నెల్లిమర్ల,
అక్టోబరు 19

వదినా,

నిన్న ఆ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక ఆ మూల చూడలేకపోయాను. ఈరోజు ఆదివారం, ప్రదర్శన పనికి విజయనగరం బయల్దేరాను గానీ మనసు నిలవలేదు. మధ్యలోనే తిరిగొచ్చి తిప్పేశాను. గుజ్జు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. బొమ్మ లేదు. గిన్నె కడిగి, వెల్లకిలా పెట్టి, బియ్యం పోశాను.

నమ్మి చేశానా అంటే చెప్పలేను. అన్నయ్య కాబట్టి చేశాను. నాకూ భయంగానే ఉంది వదినా. నిన్న బడాయిగా రాశాను, పట్టించుకోకు.

అనూ

*

గుల్లపేట,
అక్టోబరు 22

అనూరాధకు,

నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు ఆగమన్నావు. ఆగుతాను. ఆగడం తప్ప నేను చేసేదేముంది?

ఇక్కడ ఆడవాళ్లు నా గుమ్మం ముందు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను బయటికి వస్తే కూర ఏం వండావని అడుగుతున్నారు. ఏ రోజూ అడగని కూర సంగతి ఇప్పుడెందుకు? నిన్న గంగులు మావ భార్య గిన్నెడు చేపల పులుసు తెచ్చి పెట్టి, "తినే, ఒంట్లో సత్తువుండాల" అంది. దేనికి సత్తువ? ఏం రాబోతోందని? పులుసు అలాగే కుక్కకి పెట్టాను.

బోటు గీత దాటిపోయిందని కొందరంటున్నారు. అదే అయితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. అవతలివాళ్లు జైల్లో పెట్టినా మనిషి ఉంటాడు కదా. మొగుడు జైల్లో ఉండాలని మొక్కుకునే స్థితికి వచ్చాను చూడు.

నువ్వు బొమ్మ ఆరబెట్టుకో. పేరు తెచ్చుకో. నాకు ఇక ఉత్తరాలు రాయకు. వచ్చినా విప్పను.

ఈశ్వరి

*

నెల్లిమర్ల,
అక్టోబరు 31

వదినా,

విప్పనన్నావు, అయినా రాస్తున్నాను. విప్పుతావనే ఆశ.

సోమవారం పొద్దున అన్నయ్య ఫోను చేసినప్పుడు నేను స్కూలుకి తయారవుతున్నాను. గొంతు విని ఎక్కడున్నావని అరిచాను. ఇంజను చెడి కొట్టుకుపోయారట, వేరే బోటువాళ్లు లాక్కొచ్చి ఎక్కడో చిన్న రేవులో దించారట. అతని ఫోను నీళ్లలో తడిసి పోయింది. నోటికి వచ్చిన నంబరు నీదొక్కటే. రోజూ నీకే చేశాడట. నీ ఫోను బియ్యం డబ్బాలో ఉంది. చివరికి ఓనరు దగ్గర రాసి ఉన్న నా నంబరు తీసుకుని చేశాడు. "ఈశ్వరికి సెప్పే అనూ, పిచ్చిది సచ్చిపోతాది" అని ఏడ్చాడు.

గంగులు మావ నంబరు నా దగ్గర లేదు. ఉత్తరం రాస్తే నువ్వు విప్పనన్నావు. చేతిలో సంచి కూడా లేకుండా అలాగే బస్సెక్కాను. శ్రీకాకుళంలో బస్సు మారి, కోటబొమ్మాళిలో ఆటో పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాను. వీధి మొదట్లో నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. నువ్వు గుమ్మంలో బియ్యం ఏరుతున్నావు. నన్ను చూశావు. "వదినా, అన్నయ్య" అన్నానో లేదో లోపలికి పోయి గడియ పెట్టుకున్నావు. లోపల ఏదో పగిలిన చప్పుడైంది. గాజు గ్లాసు విసిరావనుకున్నాను. నా మీద అంత కోపమా అనిపించింది.

"బతికే ఉన్నాడు వదినా, అన్నయ్య బతికే ఉన్నాడు" అని ఎన్నిసార్లు అరిచానో. వీధంతా అరిచింది. గంగులు మావ తలుపు బాదుతూ, "ఒసే పిల్లా, తియ్యే, మంచి కబురే" అన్నాడు. నువ్వు తీశావు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉన్నావు. నవ్వలేదు, ఏడవలేదు. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఎప్పుడూ తిన్నావా అని అడిగే మనిషివి, "బస్సు తప్పిపోతాది, ఎల్లు" అన్నావు.

పంతొమ్మిదో తేదీ ఉత్తరం అందే ఉంటుంది కదా? బొమ్మ విరిచేశాను. ప్రదర్శనలో చేట ఒక్కటే పెడుతున్నాను. ఇంకా నేను ఏం చెయ్యాలి? అన్నయ్య దక్కినా నువ్వు నన్ను క్షమించవా?

అనూ

*

గుల్లపేట,
నవంబరు 4

అమ్మడూ,

రెండు ఉత్తరాలూ ఈరోజే విప్పాను. పంతొమ్మిదోది ఇన్నాళ్లూ దేవుడి గూట్లో అలాగే ఉంది. అది ముందే విప్పి ఉంటే నీ మీద అంత కోపం ఉండేది కాదు. నువ్వు మంచిదానివి. మంచినీళ్లు ఇవ్వనందుకు తిట్టుకో, పడతాను. ఎందుకివ్వలేదో చదువు.

ఫోను కట్టేశాను కదా. ఇక చెడు కబురు రావాలంటే మనిషి కాళ్ల మీదే రావాలి. అది నాకు తెలుసు. ఎప్పుడూ ఉత్తరం రాసే మనిషివి చెప్పకుండా వచ్చావు. ఎప్పుడూ సంచి నిండా తెచ్చేదానివి ఒట్టి చేతులతో వచ్చావు. ఏడ్చిన మొహం. నీ వెనక వీధంతా లేచి నిలబడింది. "అన్నయ్య" అన్న మాట ఒక్కటే విన్నాను. తర్వాత చెవులు మూసుకున్నాను.

మా అమ్మకి గాజులు పగలగొట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నలుగురు ఆడవాళ్లు పట్టుకున్నారు. అమ్మ చేతులు లాక్కుంటుంటే లాగి కొట్టారు. నాకా గతి పడితే ఎవరి చెయ్యీ నా మీద పడనివ్వనని ఆ రోజే అనుకున్నాను. అందుకని తలుపేసి, గోడకేసి నేనే కొట్టుకున్నాను. రెండు చేతులవీ. నువ్వు విన్న చప్పుడు అదే. నువ్వు బయట బతికే ఉన్నాడని అరుస్తున్నప్పుడు నా చేతులు బోసిగా ఉన్నాయి. రక్తం కారుతోంది. కొంగులో చుట్టుకున్నది అందుకు. నీకు నీళ్లిస్తే చేతులు కనబడతాయి.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. మర్నాడు టెక్కలి పోయి, మొహం ఎరగని కొట్టులో అదే రంగువి వేయించుకున్నాను. గాజులావిడ మణికట్టు చూసి, "ఈ గాటేటమ్మా?" అంది. చేప కోస్తుంటే తెగిందన్నాను. మీ అన్నకీ అదే చెబుతాను. ఇప్పుడు ఫోను తీసి ఉంచాను. రోజూ మాట్లాడుతున్నాడు. "గొంతు అలగున్నాదేటే?" అని అడుగుతున్నాడు. జలుబంటున్నాను.

నువ్వు తెలియక గిన్నె బోర్లించావు, తెలిశాక తిప్పావు. నిన్ను అన్ని మాటలన్నాను. నేను బతికున్న మొగుడికి తెలిసి తెలిసి గాజులు పగలగొట్టుకున్నాను. దీన్ని ఎలా తిప్పాలో మీ అమ్మ నాకు చెప్పలేదు. ఎవరిని అడగాలన్నా చేసింది చెప్పాలి.

ముక్కలు ఏరి పాత గుడ్డలో మూట కట్టాను. సముద్రంలో వెయ్యబోతే చెయ్యి రాలేదు, ఆయన తిరిగేది నీళ్ల మీదే. ఇంట్లో ఉంచలేను. పార్సిల్లో నీకు పంపుతున్నాను. ఎక్కడో అక్కడ పెట్టు, ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు. నా ఇంట్లోది ఏదడిగినా ఇచ్చాను. వీటితో మాత్రం బొమ్మ చెయ్యకు.

మీ అన్న వచ్చే గురువారం రైలు దిగుతాడు. పది రోజులుండి మళ్లీ బోటెక్కుతానంటున్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను అమ్మడూ?

మీ వదిన,
ఈశ్వరి